క్షమించే ఇనుము

షాపులో ఆ ఐరన్ల పక్కన చిన్న అట్టముక్క పెట్టారు. దానిమీద పెద్దక్షరాల్లో ఒకే మాట: ఫర్‌గివింగ్. దాని కింద ధర. రెండూ ఒకేసారి చదివేసరికి నవ్వొచ్చింది. మన దగ్గర వినాయకుడి ముందు నాలుగు గుంజీళ్ళు తీస్తే తప్పులు మాఫీ. ఇక్కడ ఏడు ఐరన్లకి రెండు వేల వంద డాలర్లు, పైన టాక్సు.

ఇంటికొచ్చి, కొందామనుకుంటున్నానని మా ఆవిడకి చెప్పాను.

"అంటే నువ్వు తప్పుగా కొట్టినా బంతి బానే వెళ్తుందా?"

"దాదాపుగా."

"తప్పులు క్షమించడానికి రెండు వేలా? పదేళ్ళ నుంచీ నేను ఊరికే చేస్తున్నా కదా!"

జవాబు లేదు నా దగ్గర. ఈ వ్యాసం ఒక రకంగా ఆ జవాబు కోసమే.

గోల్ఫ్ అనగానే "మనకెందుకులే, డబ్బున్నవాళ్ళ ఆట" అని పేజీ దాటించే పాఠకులుంటారని తెలుసు. నాలుగేళ్ళ కిందటిదాకా నేనూ ఆ బాపతే. గుంటూరు జిల్లాలో కంకర గ్రౌండులో టెన్నిస్ బాలుతో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి. డాలస్ ఉత్తరాన శివార్లలో ఉద్యోగం చేసుకుంటుంటే, ఒక శనివారం సహోద్యోగి బలవంతం మీద మునిసిపల్ కోర్సుకి వెళ్ళాను. ఊరి పన్నులతో నడిచే కోర్సు, క్లబ్బు సభ్యత్వం ఏమీ అక్కర్లేదు. ఆ రోజు నూట పాతిక దాకా లెక్కపెట్టి ఆపేశాం. కానీ ఒక్క షాటు, ఒకే ఒక్కటి, సరిగ్గా మధ్యలో తగిలింది. చేతికి ఏమీ తెలియలేదు. తల పైకెత్తి చూస్తే బంతి ఆకాశంలో ఉంది. ఈ ఆట జనాన్ని పట్టుకునేది ఆ ఒక్క షాటుతోనే అని తర్వాత చాలామంది చెప్పారు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఐరన్ అంటే ఇనుప తల ఉన్న క్లబ్బు. వాటికి నెంబర్లుంటాయి. నెంబరు పెరిగేకొద్దీ ముఖం వాలు పెరుగుతుంది. ఆ వాలునే లాఫ్ట్ అంటారు. వాలు ఎక్కువైతే బంతి ఎత్తుగా లేచి దగ్గరగా పడుతుంది, తక్కువైతే కిందుగా దూరం పోతుంది. ఈ ఐరన్లలో రెండు పెద్ద కులాలు. మొదటిది బ్లేడు: ఉక్కు ముద్దని సమ్మెట దెబ్బలతో సాగదీసి చేసే, సన్నటి, అందమైన తల. బరువంతా ముఖం మధ్యలో, బంతి తగలాల్సిన చోటి వెనకే ఉంటుంది. రెండోది కావిటీ బ్యాక్: వెనకవైపు గుంత తవ్వి, ఆ బరువుని అంచులకి తరలించిన తల. కాస్త లావుగా, మొద్దుగా కనిపిస్తుంది. షాపులో అట్టముక్క పెట్టింది ఈ రెండో కులం పక్కన.

నేను మొదట కొన్నది బ్లేడులు. ఎవరో వాడి అమ్మేసినవి, రెండు వందల యాభై డాలర్లకి. ఎందుకు కొన్నానని ఇప్పుడు అడిగితే సిగ్గేస్తుంది. టైగర్ వుడ్స్ వాడేది ఆ రకమే. పైగా నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. సులువుగా ఉన్నదేదీ మంచిది కాదని అనుమానించే జబ్బు ఆ అలవాటుతో వస్తుంది. బాగా ఆడని వాడికి బాగా ఆడిన ఫలితం ఇచ్చే పనిముట్టు నాకు మోసంలా కనిపించింది. బ్లేడు నిజం చెబుతుంది అనుకునేవాణ్ణి.

నిజంగానే చెప్పేది. చలికాలం పొద్దున ఆరున్నరకి, వేళ్ళు కొంకర్లు పోతుంటే, బంతి ముఖం కింది అంచున తగిలితే అరచేతిలో తేలు కుట్టినట్టు ఉండేది. కొనవైపు తగిలితే ఒక రకం వణుకు, మడమవైపు తగిలితే ఇంకో రకం. పది పదిహేనింటిలో ఒకటి వెన్నలో కత్తి దిగినట్టు వెళ్ళేది. మిగతావి కుడివైపు చెరువులోకో, ముప్ఫై గజాల ముందరికో. నా స్కోరు నూట ఎనిమిది దగ్గర తిష్ఠ వేసుక్కూచుంది.

మేం నలుగురం కలిసి ఆడతాం. ఒకరు మా అన్నగారు. చుట్టం కాదు. 97లో వైటుకె హడావుడిలో తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి, గ్రిప్పు మీద చేతులు బిగించడానికే కాసేపు పడుతుంది. ఆయనవి ఖరీదైన, లావాటి, క్షమించే ఐరన్లు. "వీటి మీద ఇడ్లీ పెట్టుకుని తినొచ్చు అన్నగారూ" అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన ఏమనేవారు కాదు. నా బంతి చెరువులో పడ్డప్పుడు మాత్రం, "ఏమయ్యా తమ్ముడూ, నిజం చెప్పిందా?" అనేవారు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. డాలస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. మా గుంటూరు పత్తి చేలల్లో ఉండే జాతి మట్టే. వానకి బంకలా సాగుతుంది, ఆగస్టు ఎండకి బీటలు తీస్తుంది. బంతి కన్నా ఒక అంగుళం వెనక తగిలిందంటే, సన్నటి అడుగున్న బ్లేడు ఈ నేలలో నాగలి కర్రులా దిగబడుతుంది. అడుగు వెడల్పుగా ఉన్న ఐరన్ జారి ముందుకి పోతుంది. "రేగడి నేల తెలిసినవాడివి, ఈ కర్రులెందుకు మోస్తున్నావు?" అని ఆయన ప్రశ్న. నేను వినలేదు.

ఆ వేసవిలో మోచెయ్యి పోయింది. గట్టి నేలని పదే పదే కొట్టడం వల్ల లోపలి వైపు స్నాయువు దెబ్బతింది. దానికి వైద్యులు వాడుకలో పెట్టుకున్న పేరే గోల్ఫర్స్ ఎల్బో. రోజంతా కీబోర్డు మీద ఉండే వాడికి ఇది చిన్న విషయం కాదు. మౌసు ఎడమ చేతికి మారింది. అన్నిటికన్నా కష్టమైంది, నాలుగేళ్ళ మా అమ్మాయి చేతులు చాపి వస్తే ఎత్తుకోలేకపోవడం. రెండు నెలలు "నాన్నకి చెయ్యి బాలేదమ్మా" అనే చెప్పాను. ఎందుకు బాలేదో చెబితే అదైనా నవ్వుతుంది. నిజం చెప్పే క్లబ్బుతోనే ఆడాలన్న పంతం కోసం.

ఆడకుండా కూర్చున్న ఆ రోజుల్లో, ఈ క్షమించే ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివాను. పింగ్ సంస్థ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1911లో నార్వేలో పుట్టాడు. పసివాడిగా ఉండగానే కుటుంబం అమెరికా వచ్చింది. తండ్రి సియాటిల్‌లో చెప్పులు కుట్టేవాడు. ఇంజనీరింగ్ చదువు డబ్బుల్లేక మధ్యలో ఆగింది, కొన్నాళ్ళు తనూ చెప్పులు బాగుచేశాడు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరయ్యాడు. గోల్ఫ్ మొదలుపెట్టింది నలభై రెండేళ్ళకి, తోటి ఉద్యోగుల పోరు మీద. చిన్నప్పటినుంచీ ఆడి ఉంటే, బంతి గుంతలో పడకపోతే తప్పు తన చేతుల్లో ఉందనుకునేవాడేమో. లేటుగా వచ్చిన ఇంజనీరు కాబట్టి పనిముట్టు వైపు చూశాడు. 1959లో కాలిఫోర్నియాలో, రెడ్‌వుడ్ సిటీలోని తన గరాజ్‌లో కొత్తరకం పట్టర్ తయారు చేశాడు. బరువుని మధ్యలోంచి తీసి రెండు చివరలకి పంచాడు. కొడితే టింగుమని మోగేది. కంపెనీకి పింగ్ అన్న పేరు ఆ చప్పుడుదే.

ఇందులో ఉన్న భౌతికశాస్త్రం మనవాళ్ళకి కావడి చూపిస్తే చాలు. రెండు బిందెల బరువు ఒకే మూటగా భుజం మీద పెట్టుకున్న మనిషి గిరుక్కున తిరగగలడు. అదే బరువుని కావడికి రెండు కొసల్లో వేలాడదీస్తే తిరగడానికి ఎంత కష్టమో, మొదలుపెట్టిన తిరుగుడు ఆపడానికీ అంత కష్టం. బరువు అదే, అది ఉన్న దూరం మారింది. ఆ దూరం వర్గంలో లెక్కకొస్తుంది కాబట్టి కొంచెం జరిపినా తేడా చాలా ఉంటుంది. బంతి ఐరన్ కొనవైపు తగిలినప్పుడు తల మెలిదిరుగుతుంది, ముఖం పక్కకి తెరుచుకుంటుంది, దూరమూ దిక్కూ రెండూ పోతాయి. బరువు అంచుల్లో ఉంటే ఆ మెలిక తగ్గుతుంది. క్షమ అంటే ఇక్కడ ఇంతే. సెవెన్ ఐరన్ తల సుమారు 270 గ్రాములు. ఆ బరువుని ఎక్కడ పెట్టాలన్నదే డిజైన్ అంతా.

1982లో పింగ్ ఐ2 ఐరన్లు వచ్చాయి. చూడ్డానికి బాలేవని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. కానీ అవి విపరీతంగా అమ్ముడుపోయాయి. ప్రొఫెషనల్స్ కూడా వాటితో ఆడారు. ఇవాళ్టికీ టూర్ ఆటగాళ్ళలో చాలామంది, చిన్న ఐరన్లు బ్లేడులే పెట్టుకున్నా, కొట్టడం కష్టమైన లాంగ్ ఐరన్ల దగ్గరకొచ్చేసరికి క్షమించే రకానికి మారతారు. నేను ఎవరిని చూసి బ్లేడులు కొన్నానో వాళ్ళలోనే అంత పట్టుదల లేదన్నమాట.

చెయ్యి నయమయ్యాక షాపుకి వెళ్ళాను. ముఖం మీద పల్చటి టేపు అంటించి, పక్కన రాడార్ పెట్టి నా చేత ముప్ఫై బంతులు కొట్టించారు. ధర ఎందుకంత అని అడిగితే కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. తల లోపల బోలు, దాన్నిండా మెత్తటి పాలిమర్. ముఖం పల్చటి గట్టి ఉక్కు, స్ప్రింగులా వంగి లేస్తుంది. అంచుల్లో టంగ్‌స్టన్ ముక్కలు. టంగ్‌స్టన్ ఉక్కు కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి, కావడి కొసల్లో బిందెలకి బదులు ఇనప గుండ్లు కట్టినట్టు.

నా పాత సెవెన్ ఐరన్‌తో పోలిస్తే కొత్తది పదిహేను గజాలు ఎక్కువ పోయింది. ఎగిరి గంతేయబోయాను. కానీ లెక్కల మనిషిని కదా, లాఫ్ట్ చూశాను. పాతది 34 డిగ్రీలు, కొత్తది 29. నలభై ఏళ్ళ కిందట 29 డిగ్రీల క్లబ్బు మీద అయిదో ఆరో రాసేవారు. ఇప్పుడు ఏడు రాస్తున్నారు. పెరిగిన దూరంలో చాలాభాగం ఆ అంకెదే. తయారీదారుల వాదన కూడా ఉంది: బరువు కిందికి జరిపాం కాబట్టి బంతి తనంత తానే ఎత్తు లేస్తుంది, వాలు తగ్గించకపోతే ఆకాశానికి పోయి కూర్చుంటుంది అని. అందులో నిజం లేకపోలేదు. కానీ ఏడు నెంబరు ముందుకి జరిగితే దాని వెనకవన్నీ జరగాలి. పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలకి దిగింది. నా శాండ్ వెడ్జ్ 56. మధ్యలో పదమూడు డిగ్రీల అగాధం. దాన్ని పూడ్చడానికి ఇంకో వెడ్జ్, దానికి వేరే ధర. పొట్ట దగ్గర బిగుతైందని చొక్కా మీద సైజు లేబులు మార్చి, చేతుల పొడవు సరిచేయడానికి మళ్ళీ డబ్బులు తీసుకున్నట్టు. అన్నీ తెలిసే కొన్నాను. క్రెడిట్ కార్డు గీసేటప్పుడు మా ఆవిడ మాట గుర్తొచ్చింది.

మొదటి నెల పండగే. చెరువు నా బంతుల్ని మర్చిపోయింది. గ్రీన్ మీద పడకపోయినా అంచున ఎక్కడో పడేవి. స్కోరు అయిదారు తగ్గింది. అన్నిటికన్నా, చేతులు నొప్పి లేవు. ఒక ఆదివారం ఆడి వచ్చి అమ్మాయిని భుజాల మీద ఎక్కించుకుని పార్కుకి తీసుకెళ్ళాను.

రెండో నెలలో ఏదో తేడా చేస్తోందని అనిపించింది. అన్ని షాట్లూ ఒకేలా ఉన్నాయి. బాగా కొట్టింది, చెత్తగా కొట్టింది, రెండూ చేతిలో మెత్తగా, ఒకే చప్పుడుతో వెళ్తున్నాయి. బంతి ముఖాన్ని తాకి ఉండేది అర మిల్లీసెకను. చేతికి కబురు అందేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి ఆ కబురు ఈ షాటుకి పనికిరాదు, తర్వాతి షాటుకే. ఆ కబురే ఇప్పుడు ఆగిపోయింది. ఒక రోజు నూట యాభై గజాల నుంచి కొట్టిన మూడు షాట్లు మూడు వేర్వేరు దూరాల్లో పడ్డాయి, ఎందుకో నాకు తెలియలేదు. బ్లేడు రోజుల్లో తిట్టుకున్నాను గానీ, ఎందుకన్నది తెలియకుండా ఎప్పుడూ లేను.

మా నలుగురిలో మూడో ఆయన కొరియా నుంచి వచ్చిన పొరుగాయన. ఆయన సరిగ్గా ఈ కారణం చేతే ఖరీదైన సెట్టు కొని, ఏడాది ఆడి, సగం ధరకి అమ్మి బ్లేడులకి తిరిగి వెళ్ళిపోయారు. "దూరం ఇచ్చింది, ఆట తీసుకుంది" అన్నారు. నాలుగో ఆవిడ రిటైరైన స్కూలు టీచరు, ఇక్కడే పుట్టి పెరిగిన టెక్సాస్ మనిషి. ఆవిడకి ఈ చర్చే విసుగు. "వారానికి ఒక పొద్దున్న దొరుకుతుంది నాకు. బంతి లేస్తే చాలు" అంటారు. ఇద్దరి మాటా నాకు కరెక్టే అనిపించింది, అదే చిక్కు.

విప్పింది అన్నగారే. ప్రాక్టీసు రేంజిలో ఆయన సంచిలోంచి పాదాలకి చల్లుకునే పౌడర్ స్ప్రే డబ్బా తీశారు. నా సెవెన్ ఐరన్ ముఖం మీద తెల్లగా చల్లి, పది కొట్టమన్నారు. కొట్టాక చూస్తే, తెల్లటి పొర మీద పది గుండ్రటి మచ్చలు. మధ్యలో ఒకటి. మిగతావి ఆటలమ్మ పోసినట్టు ముఖమంతా, ఎక్కువ కొనవైపు. పదింటిలో ఎనిమిది మాత్రం జెండా దరిదాపుల్లోనే పడ్డాయి.

"చూశావా? అది క్షమిస్తుంది, చెప్పదు. చెప్పించుకోవడం మన పని" అన్నారు. పోటీ ఆటలో ముఖం మీద ఏదీ పూయకూడదు, నిబంధన ఉంది. ప్రాక్టీసుకి పర్లేదు. ఆయన ఆరేళ్ళుగా ప్రతి గురువారం ఇలా చల్లుకుని కొడుతున్నారట. నేను ఇడ్లీల జోకులేస్తున్న రోజుల్లో కూడా.

ఇది నాకు తెలియని సంగతేం కాదు, అదీ తమాషా. మా ఆఫీసులో ఏదైనా సిస్టం పడిపోతే, లేపి నిలబెట్టాక కూర్చుని పోస్ట్‌మార్టం రాస్తాం. అందులో మనుషుల పేర్లుండవు. ఏ నిమిషానికి ఏ కమాండ్ నడిచింది, ఏ హెచ్చరిక ఎవరికీ వెళ్ళలేదు, ఇవన్నీ వరసగా ఉంటాయి. రెండేళ్ళ కిందట ఒక రాత్రి తప్పు టేబుల్ మీద డిలీట్ నడిపింది నేనే. ఉద్యోగం పోలేదు. ఎవరూ అరవలేదు. కానీ ఆ నాలుగు పేజీల్లో నా తప్పు దాక్కోవడానికి ఒక్క సందు కూడా లేదు. అది చదివినప్పుడు కలిగిన ఇబ్బందీ, మర్నాడు మామూలుగా పనికి వెళ్ళగలిగిన తేలికా రెండూ గుర్తున్నాయి.

గుర్తుండి కూడా పుస్తకాల దగ్గర నేను బ్లేడే వాడాను. కొన్నేళ్ళ కిందట ఒక కొత్త కథకుడి మొదటి సంపుటి మీద రాశాను. చూపించిన లోపాలు ఇప్పటికీ లోపాలే అనుకుంటాను. ఆ మాటల్లోని జిల్లు మాత్రం లోపాల వల్ల వచ్చింది కాదు, నేను పట్టుకున్న కర్ర వల్ల వచ్చింది. ఆ తర్వాత ఆయన కథ ఎక్కడా నా కంటపడలేదు. నా వ్యాసం వల్లే అనుకునేంత అహం లేదు. కానీ పాతికేళ్ళుగా కథలు చదువుతున్న అన్నగారు అది చదివి ఒక్క మాటే అన్నారు: "మచ్చలు సరిగ్గానే చూపించావు తమ్ముడూ. బంతిని మాత్రం పది గజాలు కూడా పోనివ్వలేదు." నేను అప్పుడు వాదించాను. ఆ సంపుటి మళ్ళీ తీసి చదువుతున్నాను ఇప్పుడు. అయిదో కథ బాగుంది. అప్పుడు రాయలేదది.

మా ఆవిడ ప్రశ్నకి జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు గానీ, ఒక ముక్క దొరికింది. తను పదేళ్ళుగా క్షమిస్తోందన్నది నిజమే. దానితోపాటు మచ్చ ఎక్కడ పడిందో కూడా ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంది. ఆ రెండో పని ఏ షాపులోనూ అమ్మరు.

పోయిన శనివారం పదహారో హోల్ దగ్గర అన్నగారు ముందరి టీ నుంచి సెవెన్ ఐరన్ కొట్టారు. వేళ్ళు ఈ మధ్య ఇంకా మొండికేస్తున్నాయి. డాక్టరు వచ్చే ఏడాది సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడట. బంతి కాస్త కుడికి వంగి, గ్రీన్ ముందు పడి, దొర్లుకుంటూ వెళ్ళి జెండాకి ఆరడుగుల్లో ఆగింది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఆయన బంతి వైపు చూడనే లేదు. క్లబ్బు ముఖం తిప్పి, మంచు తడిలో బంతి వదిలిన గుండ్రటి గుర్తు ఎక్కడుందో చూసుకున్నారు.

"కొనకి కొట్టాను" అన్నారు. బొటనవేలితో తుడిచి, సంచిలో పెట్టి, నడక మొదలుపెట్టారు.